బెజవాడ ఎండల్లో ఎల్పీ రికార్డులు వినడం, దాచుకోవడం ఎలా

పాట వినడమే కావాలంటే ఫోన్ చాలు, ఇదంతా చదవక్కర్లేదు. రికార్డులంటే డబ్బు, చోటు, ఓపిక మూడూ కావాలి, పైగా "మళ్లీ ఈ చెత్తేంటి" అని ఇంట్లో నాలుగు మాటలు పడాలి. అయినా సరే అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రెండు మూడు వేలు పోసి కొత్తగా అచ్చయిన విదేశీ ఎల్పీలు (పన్నెండు అంగుళాల పెద్ద రికార్డులు) తెప్పించుకోవడం దగ్గర మొదలుపెట్టకండి. మన వైపు నాటక పద్యాలు, ప్రైవేటు పాటలు (సినిమాలవి కానివి), పౌరాణిక సినిమాల డైలాగులు ఉన్న ప్లేట్లు కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లలో ఇంకా మూలుగుతున్నాయి. వెతకాల్సింది వాటిని, అదీ చెదలు తినకముందే.

ముందు ఇల్లు వెతకండి

అమ్మమ్మగారిల్లు, పెదనాన్నగారిల్లు, ఊళ్లో తాళం వేసి ఉన్న పాత ఇల్లు, అన్నిచోట్లా అడగండి. "తాతయ్యా, రికార్డులున్నాయా?" అంటే లేవనే అంటారు. "గ్రామఫోన్ ప్లేట్లు" అని అడిగితే అప్పుడు గుర్తొస్తాయి, అటక చూపిస్తారు. దింపేటప్పుడు దొంతరగా ఎత్తకండి, అడుగున ఉన్నవి విరుగుతాయి. నాలుగైదు చొప్పున నిలువుగా పట్టుకుని దింపండి.

దింపాక ముందు చేయాల్సిన పని వాటిని వేరు చేయడం. బరువుగా, గట్టిగా, గోరుతో కొడితే టంగుమనేవి, లేబుల్ మీద 78 అని (నిమిషానికి తిరిగే చుట్లు) ఉండేవి లక్కతో చేసిన పాత ప్లేట్లు. ఎక్కువగా పది అంగుళాలవి, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట. చేయి జారితే ముక్కలే. కాస్త వంగే గుణం ఉండి, పన్నెండు అంగుళాలుండేవి ఎల్పీలు, వేగం నిమిషానికి 33⅓ చుట్లు, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు. అరచేయంత, ఏడు అంగుళాలవి ఈపీలు, ఎక్కువ శాతం 45 వేగం. అమెరికాలో ఎల్పీ 1948లోనే వచ్చింది కానీ మన దేశంలో 78 ప్లేట్లు 1960ల్లో కూడా తయారయ్యాయి. బీటిల్స్ పాటలు 78 ప్లేట్ల మీద వచ్చిన అతి కొద్ది దేశాల్లో మనదొకటి, వాటి కోసం విదేశీయులు కళ్లు కాయలు కాసేలా చూస్తుంటారు. కాబట్టి ఇంగ్లిష్ ప్లేటు కదా అని దేన్నీ పాత సామాన్లవాడికి వేసేయకండి.

ఈ వేరు చేయడం ఎందుకంటే, ఒకదాని సూది ఇంకోదానికి పనికిరాదు. 78 ప్లేటు గాడి వెడల్పుగా ఉంటుంది, దాని సూది మొన వ్యాసార్ధం దాదాపు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎల్పీ సూది మొన 18 దగ్గర ఉంటుంది. ఎల్పీ సూదితో 78 వేస్తే మొన గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుపోతుంది, పాట కంటే గరగర ఎక్కువ వినిపిస్తుంది. 78 సూదితో ఎల్పీ వేస్తే ఆ ఎల్పీ మీద ఆశ వదులుకోవాల్సిందే. పాత ప్లేయర్లలో చాలావాటికి సూది దగ్గర చిన్న మీట ఉంటుంది, ఒక వైపు 78, ఇంకో వైపు ఎల్పీ అని రాసి ఉంటుంది, తిప్పుకుంటే సూది మారుతుంది. వేసే ప్రతిసారీ అది ఎటు ఉందో చూసుకోండి.

ఇత్తడి గొట్టంతో, కుక్క బొమ్మతో ఎగ్జిబిషన్లలో అమ్మే గ్రామఫోన్ల జోలికి పోకండి. చాలావరకు ఈ మధ్య అతికించి చేసినవే, హాల్లో పెట్టుకోవడానికి తప్ప పాటకి కాదు. తాళం తిప్పి ఆడించే అసలైన గ్రామఫోన్ ఇంట్లో ఉంటే అదృష్టమే కానీ దాని మీద 78 మాత్రమే వేయాలి, ఉక్కు ముల్లు ఒక్కో వైపుకి ఒకటి చొప్పున మార్చాలి. పొరపాటున కూడా దాని మీద ఎల్పీ పెట్టకండి.

ప్లేయర్ సంగతి

ఇక్కడే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు, కాబట్టి కొంచెం వివరంగా.

ఒకటి, సూట్‌కేసులా మూతపడే, లోపలే స్పీకర్లున్న చవక ప్లేయర్లు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. వాటిలో ఉండే సిరామిక్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని, దాని కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) నాలుగైదు గ్రాముల బరువుతో రికార్డు మీద కూర్చుంటుంది, మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి రెండు గ్రాములు చాలు. ఒక్కసారి వేస్తే ప్లేటు పాడైపోతుందని భయపెట్టేవాళ్ల మాట నేను నమ్మను కానీ, బరువు సరిచేసుకునే వీలు లేదు, స్పీకర్ అదురు సూదికి తగులుతుంది, కొంచెం వంగిన రికార్డు వేస్తే సూది ఎగిరిపోతుంది. తాతగారి ప్లేట్ల మీద దీన్ని వాడకండి.

రెండు, ఇంట్లో దొరికే పాత హెచ్ఎంవీ ఫియస్టా, క్యాలిప్సో లాంటివి. మూతలోనే స్పీకర్ ఉండేవి. వీటికీ సిరామిక్ కార్ట్రిడ్జే, కాకపోతే మెకానిజం గట్టిది, 78 కూడా ఆడుతుంది. ముప్పై ఏళ్లు ముట్టుకోనిదాన్ని తెచ్చి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. లోపల రబ్బరు చక్రం గట్టిపడి ఉంటుంది, గ్రీజు బంకలా అయిపోతుంది, కెపాసిటర్లు ఎండిపోతాయి. గవర్నర్‌పేటలో పాత ఆంప్లిఫయర్లు, రేడియోలు బాగుచేసే చెయ్యి తిరిగిన మెకానిక్ ఎవరున్నారో అడిగి అతనికి చూపించి, ఆ తర్వాతే కరెంటు పెట్టండి. సూది మాత్రం పాతది వద్దు, కొత్తది వేయించండి.

మూడు, కొత్త ప్లేయర్. ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటిది మొదటిసారి కొనేవాళ్లకి సరిపోతుంది. బటన్ నొక్కితే సూది ఉన్న చేయి తనే వెళ్లి వాలుతుంది, పాటయ్యాక తనే వెనక్కి వస్తుంది. అది 33, 45 మాత్రమే ఆడుతుంది, 78 ఆడదు, ఇది తెలుసుకుని కొనండి. మూడు వేగాలూ కావాలంటే ఎల్‌పీ120ఎక్స్ స్థాయికి వెళ్లాలి, 78 కోసం వేరే సూది కూడా కొనాలి.

నాలుగోది మన దగ్గర మరీ ఎక్కువ, అమెరికా నుంచి తెప్పించుకోవడం. పిన్నిగారబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ పాత ప్లేయర్ ఒకటి మోసుకొస్తానంటాడు. వద్దనే ముందు, పాత మోడలేనా, ఏసీ మోటారా అని అడగండి. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఏసీ సింక్రనస్ మోటార్ ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి 33⅓ తిరగాల్సింది 28 లోపే తిరుగుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాల పైనే దిగిపోతుంది, సుశీలగారు నిద్రమత్తులో పాడినట్టుంటుంది. మోటార్ పుల్లీ మారిస్తే కానీ అది బాగుపడదు. అదే డీసీ మోటార్, అడాప్టర్ మీద 100-240 అని రాసి ఉన్న కొత్త మోడల్ అయితే టెన్షన్ లేదు, నిక్షేపంగా తెమ్మనండి.

ఏ ప్లేయర్ అయినా వేగం సరిగ్గా ఉందో లేదో పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. రికార్డు అంచు దగ్గర చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో మూడు నిమిషాలు టైమర్ పెట్టి చుట్లు లెక్కపెట్టండి. 33⅓ అయితే సరిగ్గా వంద రావాలి. ఒకటీ అరా తేడా పట్టించుకోకండి, 96, 104 అంటుంటే బెల్టు సాగిందనో, మోటార్ సరిచేయాలనో లెక్క.

ఆంప్లిఫయర్‌కి కలపడంలో ఒక మెలిక ఉంది. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు. దాన్ని నేరుగా హోమ్ థియేటర్ ఆక్స్‌కి (మామూలు ఆడియో సాకెట్‌కి) పెడితే పాట ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టు, బేస్ లేకుండా పీలగా వస్తుంది. రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, వినేటప్పుడు దాన్ని తిరగేయాలి, ఆ పని చేసేది ఫోనో ప్రీఆంప్. కొన్ని ప్లేయర్లలో లోపలే ఉంటుంది, వెనక స్విచ్ ఉంటుంది, దాన్ని లైన్ వైపు పెట్టి ఆక్స్‌కి కలపండి. ఆంప్లిఫయర్‌కే ఫోనో అని సాకెట్ ఉంటే స్విచ్ ఫోనో వైపు పెట్టి అందులోకి. రెండూ ఒకేసారి వాడితే సౌండ్ పగిలిపోతుంది. సిరామిక్ కార్ట్రిడ్జ్‌కి ఈ గొడవ లేదు, ఆక్స్‌కి పెట్టేయొచ్చు. గుయ్ మని హమ్ వస్తుంటే ప్లేయర్ వెనక సన్నటి గ్రౌండ్ వైరుందేమో చూసి ఆంప్లిఫయర్ మీది స్క్రూకి బిగించండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

కూర్చోబెట్టడం

ప్లేయర్‌ని స్పీకర్లున్న బల్ల మీద పెట్టొద్దు. గోడకి బిగించిన గట్టి షెల్ఫ్ అన్నిటికంటే మేలు. తాపీమేస్త్రి రసమట్టం తెచ్చి అటూ ఇటూ చూసి, వాలు ఉన్నచోట కాళ్ల కింద అట్టముక్క పెట్టండి. సూది చేతికి వెనక బరువు తిప్పే మోడలైతే, ముందు యాంటీ స్కేటింగ్ (చేయి రికార్డు మధ్యకి లాగకుండా ఆపే సర్దుబాటు) సున్నా మీద పెట్టి, చేయి గాల్లో అటూ ఇటూ ఒరగకుండా తేలేవరకు బరువు తిప్పండి. అప్పుడు నంబర్ల రింగుని మాత్రమే సున్నాకి తెచ్చి, తర్వాత బరువునీ రింగునీ కలిపి కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన గ్రాములకి తిప్పండి. యాంటీ స్కేటింగ్ కూడా అదే అంకె. బరువు తక్కువైతే ప్లేటుకి మంచిదని కొందరు ఒక గ్రాము మీద నడిపిస్తారు, అది తప్పు. తేలికగా ఉన్న సూది గాడిలో నిలవక ఎగిరెగిరి పడుతుంది, గాడి గోడలు చెడేది అప్పుడే.

డైమండ్ సూదికి కొన్ని వందల గంటల ఆయుష్షు. "స" అక్షరం దగ్గర బుసబుసమంటుంటే, అదీ అన్ని రికార్డుల్లో అలాగే వినిపిస్తుంటే, ఇక సూది మార్చండి. ప్లేయర్ స్థాయి పెంచుకోవడం తర్వాత చూసుకోవచ్చు.

కడగడం

అటక మీంచి దింపినదాన్ని కడక్కుండా వేయకండి. దుమ్ము గాడిలో ఉండగా సూది వెళ్తే అది ఇసుకతో రుద్దడమే.

ఎల్పీలకి ఇలా చేయండి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు, అంతే. కావాలంటే ఐదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపొచ్చు. బోరు నీళ్లు వద్దు, మన బోర్లలో ఉప్పు సంగతి గీజర్ ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఆరాక ఆ తెల్లటి పొర గాళ్లలో మిగిలిపోతుంది. మెత్తటి తువ్వాలు పరిచి దాని మీద రికార్డు పెట్టండి. లేబుల్ మీద దానికి సరిపడే ప్లాస్టిక్ మూత బోర్లించండి, తడి తగిలితే కాగితం ఉబ్బుతుంది. ముందు పొడి బ్రష్‌తో పై దుమ్ము తీయండి, తర్వాత నీళ్లు స్ప్రే చేసి ఒక నిమిషం నానివ్వండి. మెత్తటి పెయింట్ ప్యాడో, మైక్రోఫైబర్ గుడ్డో తీసుకుని గాడి వెంబడే, గుండ్రంగా, నొక్కకుండా తిప్పండి, లోపల్నించి బయటికి అడ్డంగా ఎప్పుడూ వద్దు. మొదటి గుడ్డ మీద వచ్చే మట్టి రంగు చూస్తే ఇన్నాళ్లూ ఏం విన్నారో అర్థమవుతుంది. ఇంకో గుడ్డతో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పెట్టి సబ్బు పోయేలా తుడిచి, తిరగేసి రెండో వైపు కూడా చేసి, వంటింట్లో గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టారో, అప్పడమే.

లక్క ప్లేట్లకి ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, చెక్కకి పాలిష్ పట్టేవాళ్లు చేసేది అదే కదా. పైన చెప్పిన సబ్బు నీళ్లతోనే, ఆల్కహాల్ కలపకుండా, కొద్దిగా తడిపి, వెంటనే తుడిచి ఆరబెట్టండి, నానబెట్టకండి.

కొనడానికి వెళ్తే

బెజవాడ లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో అడిగి, నంబరిచ్చి రండి. బయట పెట్టరు, లైబ్రరీలు, ఇళ్లు ఖాళీ చేయించినప్పుడు పుస్తకాలతో పాటు వస్తుంటాయి. గుంటూరులో పాత పేపర్లు, పాత సామాన్లు కొనేవాళ్లకి చెప్పి ఉంచండి. ఇంకో దారి ఉంది, చాలామందికి తట్టదు. తెనాలి, మంగళగిరి, గుడివాడ వైపు ఊళ్లలో ఒకప్పుడు పెళ్లిళ్లకి, జాతరలకి మైకుసెట్టు పెట్టినవాళ్ల ఇళ్లలో పెట్టెలకి పెట్టెలు రికార్డులుంటాయి. కాకపోతే అవి ఎండలో, దుమ్ములో, అరిగిన సూదితో వందలసార్లు తిరిగినవి. పది చూస్తే రెండు తేలతాయి. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, గురువారం జుమ్మేరాత్ బజార్ ఒక చుట్టు వేయండి.

"బాబాయ్, ఒకసారి కవర్లోంచి తీసి చూస్తాను" అని అడగండి, వద్దంటే వదిలేయండి. అరచేతులు అంచుల మీద, వేళ్లు లేబుల్ మీద, గాళ్లకి చేయి తగలకుండా పట్టుకుని ట్యూబ్‌లైటు కింద వాల్చి చూడండి. నల్లగా నిగనిగలాడితే మంచిది. పాట బిగ్గరగా ఉండేచోట్ల బూడిదరంగు తిరిగి మాసినట్టుంటే గాడి అరిగిపోయిందన్నమాట, దాన్ని ఏ సబ్బూ బాగుచేయదు. గీతలుంటే గోరు మెల్లగా ఆనించండి, తగలకపోతే మహా అయితే కాస్త చిటపట. గోరుకి తగిలే అడ్డగీత ప్రతి చుట్టుకీ, అంటే 1.8 సెకన్లకోసారి టక్కుమంటుంది. గాడి వెంబడి పోయిన గీత ఇంకా ప్రమాదం, సూది అక్కడే ఇరుక్కుని అదే ముక్క పాడుతుంది. మధ్య చిల్లు చుట్టూ లేబుల్ మీద గీరుళ్లు ఎన్ని ఉంటే అన్నిసార్లు వాడినట్టు. లోపలున్నది కవర్ మీది రికార్డేనా అని కూడా చదవండి, సగం బేరాల్లో కవర్ ఒకటి, ప్లేటు ఒకటి. హెచ్ఎంవీ ఎల్పీల మీద ఈసీఎల్‌పీ అని మొదలయ్యే నంబరుంటే మోనో, ఈసీఎస్‌డీ అయితే స్టీరియో.

ఏం కొనాలి అంటారా. ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఆయన 1974 ఫిబ్రవరిలో పోయాక విడుదలైంది, చాలా ఇళ్లలో కనిపిస్తుంది, కాబట్టి అరుదైనదని వేలు చెప్తే నవ్వేసి వచ్చేయండి. గుంటూరులో పాఠాలు చెప్పిన కరుణశ్రీ పద్యాలు ఘంటసాల గొంతులో వచ్చిన పుష్పవిలాపం పాత ప్లేటు అయితే నేను బేరమాడను. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావులాంటి రంగస్థల నటుల 78లు కనిపిస్తే గీతలున్నా తీసుకోండి. సినిమా పాటలు మాత్రం మీకు ప్రాణమైనవి తప్ప కొనకండి, అవన్నీ ఫోన్‌లో ఇంతకంటే శుభ్రంగా ఉన్నాయి. డైలాగుల ఎల్పీలు మీ ఇష్టం, పండక్కి చుట్టాలొచ్చినప్పుడు అవి వేస్తే ఇల్లు దద్దరిల్లుతుంది.

దాచడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక వినైల్ (ఎల్పీలు చేసే ప్లాస్టిక్) ఎంత. మే నెలలో కొన్న ఎల్పీలు కారులో పెట్టి అన్నం తినడానికి హోటల్లోకి వెళ్తే తిరిగొచ్చేసరికి వంకర్లు పోతాయి. పడమటి గోడకి ఆనుకున్న ఇనప బీరువా, పై అంతస్తులో రేకుల గది, అటక, ఈ మూడూ పనికిరావు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, నేలకి జానెడు ఎత్తులో, గోడకి కొంచెం ఎడంగా చెక్క అలమర పెట్టి నిటారుగా నిలబెట్టండి. ఒరగకూడదు, మరీ బిగుతుగా కూడా ఉండకూడదు. వంద ఎల్పీలు కవర్లతో పాతిక కిలోల దాకా తూగుతాయి, పల్చటి ప్లైవుడ్ ఆగదు. చెదలకి అట్టకవర్లంటే ప్రాణం, నెలకోసారి వెనక చేయి పెట్టి చూడండి. వానాకాలంలో బూజు వాసన వస్తే ఫ్యాన్ గాలికి కవర్లు విప్పి ఉంచండి. దళసరి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే రికార్డు మీద పొగమంచులాంటి మరక పడుతుంది, లోపలికి పల్చటి పాలిథిన్ కవర్లు వాడండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపొచ్చా అని అడుగుతుంటారు. ప్యూర్ సైన్ వేవ్ అయితే నడపొచ్చు. స్క్వేర్ వేవ్ అయితే పాత ఏసీ మోటార్ గుర్రుమంటుంది, ఆ గుర్రు పాటలోకి కూడా వస్తుంది, కాసేపు ఆపేయడం మేలు.

కాపీ చేయడం

లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కో, చిన్న యూఎస్‌బీ ఆడియో డబ్బాకో కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో రికార్డ్ చేయండి, నాణ్యత తగ్గని వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఫైల్‌గా సేవ్ చేయండి, ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. లెవెల్ ఎరుపులోకి పోకుండా చూసుకోండి. చిటపటలు తీసే ఫిల్టర్ బాగా పెంచితే గొంతు కూడా పోతుంది, కొంచెం ఉండనివ్వండి. ఫైల్ పేరులో లేబుల్ మీది నంబర్, పాడినవాళ్ల పేరు రాయండి, లేబుల్‌ని ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి. ప్లేట్లు ఇవ్వం, మా నాన్నగారివి అనే ఇళ్లుంటాయి, అక్కడ కొనే మాట ఎత్తకండి. "వారం రోజుల్లో ప్లేట్లు కడిగి తెచ్చిస్తాను, పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను అత్తయ్యా" అంటే చాలామంది ఇస్తారు. చెప్పిన రోజుకి తిరిగి ఇవ్వండి, పక్కింటివాళ్ల అటక గురించి మీకు చెప్పేది వాళ్లే.